జీడిపిక్కల కాటా

త్రినాథ్ పోయిన రోజు పద్మకుమారి బరువు డెబ్బై మూడు కిలోలు. కావలసింది డెబ్బై రెండు.

అంతకు రెండు రోజుల ముందు, ఆదివారం నాడు, తమ్ముడు త్రినాథే తూచి చెప్పాడు. పాతపట్నం బజారులో అతనిది జీడిపిక్కల కొట్టు. కొట్లో బస్తాలు తూచే పాత ఇనప కాటా ఉండేది. అరసవల్లి నుంచి రెండు వారాలకొకసారి బస్సెక్కి వచ్చి, ఆమె దాని బల్ల మీద నిలబడేది. బజారులో పోయేవాళ్లు చూస్తారని సిగ్గుపడి గోడ వైపు తిరిగేది. అతను ఆమె వీపు వెనక కమ్మీ మీద గుండు జరిపి, అంకె చూసి, సుద్దముక్కతో గోడ మీద రాసేవాడు.

"ఇంకొక్క కిలో అక్కా. దసరాకి బూరెలు మానీసుంటే ఈపాటికి అయిపోయీది."

"నేను తినలేదురా."

"తిన్నావు. కాటా సెప్తంది."

మంగళవారం ఆమె తొమ్మిదో తరగతికి లెక్క చేయిస్తూ ఉండగా హెడ్మాస్టరుగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. త్రినాథ్ డయాలసిస్ నుంచి ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు విప్పుకుంటూ అలాగే వెనక్కి వాలిపోయాడట. ఆమె విన్నది. బోర్డు మీద సగంలో ఉన్న మెట్టు పూర్తి చేసింది. జవాబు కింద గీత గీసి, చేతులు దులుపుకుని, సంచి తీసుకుని బయటికి వచ్చింది.

ఇరవై నెలల కిందట తమ్ముడి కిడ్నీలు రెండూ పని మానేశాయని తెలిసినప్పుడు, ఇస్తానని ముందుకొచ్చింది ఆమే. రక్తం కలిసింది. అప్పుడామె నూట ఎనిమిది కిలోలు. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు ఫైలు మూసి, "డెబ్బై రెండు లోపుకి వచ్చాక రండమ్మా. మిగతా పరీక్షలు అప్పుడు మొదలుపెడదాం. ఈలోగా ఇతని పేరు చనిపోయినవాళ్ల అవయవాల జాబితాలో కూడా రాయిద్దాం" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె అన్నం మానేసింది. తెల్లారగట్ల గుడి రోడ్డు మీద నాలుగు చుట్లు నడిచింది. స్టాఫ్ రూములో గ్లోరీ టీచరు, "మేడం, మీరు సగం మేడమైపోనారు. జీతం కూడా సగమే ఇస్తారేమో సూసుకోండి" అని నవ్వేది. ఆమె కూడా నవ్వేది. ముప్పై అయిదు కిలోలు అలా నవ్వుకుంటూనే దిగాయి.

పెళ్లయిన ఆడపడుచుకి మైల మూడు రోజులే. ఏడాది పట్టింపు ఆ ఇంటికీ, అతని భార్య దుర్గాభవానికీ ఉంటుంది గాని అక్కకి ఉండదు. నాలుగో రోజు ఆమె తలంటు పోసుకుని, అయిదో రోజు బడికి వెళ్లింది. సెలవు చీటీలో కారణం దగ్గర 'స్వంత పని' అని రాసింది.

మిగిలింది చర్మం. ముప్పై అయిదు కిలోలు పోయాయి గాని అవి కూర్చున్న చోటు పోలేదు. చేతుల దగ్గర జాకెట్టు కప్పేది, పొట్ట చీర కప్పేది. తొడల సంగతి వేరు. లోపలివైపు చర్మం రెండు మడతలై మోకాలి పైదాకా వేలాడేది. నడిస్తే ఒకదానికొకటి రాసుకునేది. పాత నేత చీర చింపి పట్టీలు చుట్టుకునేది. మధ్యాహ్నం నాలుగో పీరియడ్‌కి పట్టీ తడిసేది. నవంబరులో శ్రీకాకుళంలో చర్మం డాక్టరు బరువు చూసి, చీటీ మీద ఏదో రాసి, ఒక పూత మందు ఇచ్చాడు. "ఇది రాసినన్నాళ్లే అమ్మా. ఆ చర్మం తీయించుకుంటే తప్ప పుండు మళ్లీ మళ్లీ వస్తుంది" అన్నాడు.

ఆమె ఆ చీటీ మడిచి ఫైలులో పెట్టింది.

"తీయించుకుందాం పద్మా," అన్నాడు భర్త జగన్నాధం. కరెంటాఫీసులో పని అతనికి. ఏ సమస్యకైనా ముందు ఫ్యూజు ఎక్కడుందో చూస్తాడు. "దానికి వేరే డాక్టర్లు ఉంటారట. ఫోన్లో సూసేను."

"ఉండనీండి."

"ఎందుకూ?"

ఎందుకో ఆమె చెప్పలేదు. చెప్పగలిగితే ఇలా చెప్పేది: తమ్ముడి కోసం తను చేసిన పనికి ఆనవాలంటూ ఉంటే అదే. కిడ్నీ తన దగ్గరే ఉండిపోయింది. అతను బూడిదై వంశధారలో కలిశాడు. ఆ వేలాడే చర్మం కూడా కోయించి ఏ ఆస్పత్రి బకెట్లోనో వేయిస్తే, ఇరవై నెలలూ ఏమీ జరగనట్టే అయిపోతుంది.

కాని జనవరిలో పుండు చీముపట్టింది. పది రోజులు ఆమె కుర్చీలో కూర్చుని పాఠం చెప్పింది. పాతికేళ్ల ఉద్యోగంలో ఎప్పుడూ కూర్చోలేదు. బోర్డు మీద రాయడానికి పిల్లల్ని లేపేది, వాళ్లు అంకెలు వంకరగా వేసేవాళ్లు. పదకొండో రోజు రాత్రి భోజనాల దగ్గర, "ఆ డాక్టర్ల పేర్లు ఇలా ఇవ్వండి" అంది.

మొదటివాడు విశాఖపట్నంలో, అద్దాల మేడ నాలుగో అంతస్తులో. కోటు వేసుకున్న అమ్మాయి ఒకతె పలకలాంటిది పట్టుకొచ్చి ఎదురుగా కూర్చుంది. "థై లిఫ్ట్ ఒక్కటే కాకుండా ప్యాకేజీ తీసుకుంటే ఆర్మ్స్ ఫ్రీ మేడం" అంది.

"చేతులు ఉచితమా?" అన్నాడు జగన్నాధం. "మరి నా పొట్ట ఏమైనా కలుపుతారేటమ్మా?"

అమ్మాయి నవ్వలేదు. ఫొటోలు చూపించింది. కోయకముందు, కోసిన తరవాత. తరవాత ఫొటోల్లో కాళ్లు నున్నగా ఉన్నాయి. ఒక్కదాని మీదా గాటు లేదు. సర్జన్ వచ్చి నాలుగు నిమిషాలు ఉన్నాడు. "ఇవి మీరు చేసినవేనాండి?" అని అడిగితే, "ఇలాంటివి వందలు చేశాం" అన్నాడు. ఆమె తన నోటు పుస్తకంలో రాసుకుంది: అడిగిందానికి జవాబు కాదు.

రెండోవాడు విజయనగరంలో. జగన్నాధం స్నేహితుడు మోహనకృష్ణ నెల్లిమర్లలో ఉంటాడు, అతని హెర్నియా కోసిన పెద్దాయన. పేరు కూర్మయ్య. ఆయన అంతా విన్నాడు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, నేను హెర్నియాలూ అపెండిక్సులూ కోసుకునీవాణ్ని. ఇది రెండుసార్లు సేశాను. రెండోది నాకే నచ్చలేదు. నువ్వు మూడోదానివి అవ్వకు." ఒక చీటీ తీసుకుని దాని మీద రాస్తూ చెప్పాడు. "ఎవరి దగ్గరికెళ్లినా మూడు అడుగు. మామూలు సర్జరీ మీద మళ్లీ ప్లాస్టిక్ సర్జరీ సదివారా, లేదా? కిందటేడు ఈ ఒక్క ఆపరేషనే ఎన్ని సేశారు? ఇంటికెళ్లాక కుట్టు విడిపోతే అర్ధరాత్రి ఫోన్ ఎవరెత్తుతారు? గజ్జల దగ్గర కుట్టు గదా, విడిపోతాది ఒక్కోసారి. విడిపోదని సెప్పినవాడి దగ్గర కూర్చోకు, లేచొచ్చీ." చీటీ మీద డాక్టరు అనూరాధ పేరు ఉంది. ఏళ్ల తరబడి కాలినవాళ్ల వార్డులో పనిచేసి వచ్చినావిడ, ఆ ఊళ్లోనే గురువారాలు చూస్తుంది.

జూన్‌లో, బళ్లు తెరిచిన వారం, పద్మకుమారి ఆమె ఎదుట కూర్చుంది. మూడు ప్రశ్నలూ అడిగింది. మూడింటికీ జవాబు వచ్చింది. కిందటేడు పదకొండు చేశానంది. ఫోన్ తనే ఎత్తుతానంది. సొరుగులోంచి తనే ఫొటోల కట్ట తీసింది. ప్రతి కాలి మీదా గజ్జ నుంచి మోకాలి దాకా గాటు ఉంది, కొన్ని సన్నగా, కొన్ని తాడులా. అట్టడుగున ఉన్నదానిలో కుట్టు నోరు తెరుచుకుని ఉంది.

"ఇది బాగా రాలేదు. ఇదీ నాదే. ఆరు వారాలు డ్రెస్సింగ్ చేశాం, మానింది."

తరవాత డాక్టరు అడగడం మొదలుపెట్టింది. ఇంట్లో మెట్లెన్ని? మరుగుదొడ్డి గొంతుక్కూర్చునేదా, కుర్చీలాంటిదా? నేల మీద కూర్చుని తింటారా? మూడు వారాలు లేపి కూర్చోబెట్టి, గాటులోంచి గొట్టాల్లోకి దిగే నీరు కొలిచే మనిషి ఎవరు? మొదటి రెండు చోట్లా ఇవి ఎవరూ అడగలేదు. పద్మకుమారి ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది. చివరిదానికి, "చూడాలి" అంది.

"బరువు ఎన్నాళ్లుగా నిలకడగా ఉంది?"

ఫైలు ఇచ్చింది. అక్టోబరుదాకా గోడ మీది అంకెలు తేదీలతో సహా ఎప్పటికప్పుడు ఎత్తి రాసుకొచ్చింది. ఆ తరవాత డాక్టర్ల చీటీలు. డాక్టరు కాగితాలు పక్కపక్కన పరిచింది.

"అక్టోబరులో డెబ్బై మూడు. నవంబరులో చర్మం డాక్టరు దగ్గర అరవై తొమ్మిది. ఇప్పుడు నా మెషిన్ మీదా అరవై తొమ్మిదే. ఆ ఒక్క నెలలో నాలుగు కిలోలు పోయాయా?"

"అప్పుడు మా తమ్ముడు పోయాడండి. తినలేదు కాబోలు."

డాక్టరు మళ్లీ కాగితాల్లోకి చూసింది. "మరి ఇదేమిటి? ఇది అంతకు ముందటి జూలై."

అది బళ్లో వైద్య శిబిరం పెట్టినప్పుడు ఇచ్చిన కార్డు. బరువు గడిలో డెబ్బై ఒకటి అని ఉంది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత. పక్కన అదే ఎర్ర సిరాతో డెబ్బై అయిదు.

"ఈ కొట్టివేత ఎవరిది?"

"నాదేనండి. వాళ్ల మెషిన్ తప్పు."

ఆమెకి ఆ రోజు గుర్తుంది. నర్సు దేవి, "మేడం, కొత్త మెషినండి, నిన్ననే అట్ట విప్పేం" అని మొత్తుకుంది. "మా తమ్ముడి కాటా మీద మొన్న ఆదివారం డెబ్బై అయిదు. ఆ కాటా మీద జీడిపిక్కలు కొంటారమ్మా, అమ్ముతారు. పావుకిలో తేడా వస్తే బజారులో తలకాయలు పగిలిపోతాయి. నీ అట్టపెట్టె మెషినూ, అదీ ఒకటేనా?" అంది తను. దేవి కార్డు చేతికిచ్చేసింది. తను తప్పు జవాబు దిద్దినట్టే దిద్దింది. పాతపట్నంలో ఏ ఇంట పెరిగినవాళ్లయినా అదే చేస్తారు. ఆసుపత్రి తూకం కంటే పిక్కల తూకాన్నే నమ్ముతారు.

"కార్డుకీ కాటాకీ తేడా నాలుగు. కాటాకీ డాక్టర్ల మెషిన్లకీ తేడా నాలుగు," అంది డాక్టరు. "ఆ కాటా ఒకసారి చూసి రండి. నిజంగానే నెలలో నాలుగు కిలోలు పోయి ఉంటే ఒంట్లో ఏం తక్కువైందో వెతకాలి. కాటా తప్పయితే మీ బరువు అక్టోబరు నుంచి కదల్లేదన్నమాట. అప్పుడు దసరా సెలవుల్లో చేసెయ్యొచ్చు."

ఆదివారం ఆమె పాతపట్నం బస్సెక్కింది. త్రినాథ్ పోయాక కొట్టులోకి వెళ్లడం అదే మొదలు. దుర్గాభవాని బస్తాల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది. కొట్టు ఇప్పుడు తనే చూసుకుంటోంది.

"రా వదినా. ఏటి, సెప్పకుండా వచ్చీసినావు? టీ తెప్పిస్తానుండు."

"వద్దు భవానీ. ఆ ఇరవై కిలోల రాళ్లు మూడు కాటా మీద పెట్టించు."

దుర్గాభవాని ఆమె ముఖంలోకి చూసింది. ఎందుకని అడగలేదు. తనే లేచి, ఒక్కొక్కటే మోసుకొచ్చి పెట్టింది. పద్మకుమారి గుండు జరిపింది. కమ్మీ అరవై దగ్గర తిన్నగా నిలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు. రాళ్లు దింపి, చెప్పులు విప్పి, తను ఎక్కింది. ఈసారి బజారు వైపే తిరిగింది. ఎవరో సైకిలు ఆపి చూశారు.

అరవై తొమ్మిది.

గోడ మీద సుద్దగీతలు అలాగే ఉన్నాయి. నూట ఎనిమిదితో మొదలై, పైనుంచి కిందికి, రెండు వారాలకొకటి. కిందటేడు మే దాకా గబగబా దిగాయి. ఆ తరవాత డెబ్బై ఆరు, డెబ్బై అయిదు, మళ్లీ డెబ్బై అయిదు, డెబ్బై నాలుగు. ఆ నెలల్లోనే ఆమె రాత్రి మజ్జిగ కూడా మానేసింది.

"ఎప్పట్నించి?" అంది పద్మకుమారి.

"దిగు వదినా, ముందు. కూకో."

"ఎప్పట్నించే?"

"జూన్ నించి. నువ్వు డెబ్బై రొండు దిగిన రోజు నించీ." దుర్గాభవాని కాటా బల్లని పైటకొంగుతో తుడవసాగింది. తుడవడానికి దాని మీద ఏమీ లేదు. "ఆ రోజు నువ్వు బస్సెక్కీసినాక నాకు సెప్పేడు. నాలుగు కలిపి రాసేనే అన్నాడు. నాను తిట్టేను. 'మా అక్క పొట్ట కోయించి నాను బతుకుతానేటే? జాబితాల పేరున్నాది గదా, ఎవులైనా సచ్చిపోయినోలిది రేపో మాపో వస్తాది. అంతదాకా అక్కని ఆపాల' అన్నాడు. మా పిల్ల నెత్తి మీద నా సెయ్యెట్టించి ఒట్టేయించుకున్నాడు."

జూన్ నుంచి అక్టోబరు వరకు నాలుగు నెలలు. విశాఖపట్నం పెద్ద డాక్టరు పరీక్షలకి రెండు నెలలు పడతాయన్నాడు. ఆ తీసివేత పద్మకుమారి మనసులో దానంతటదే జరిగిపోయింది. మిగిలింది రెండు నెలలు.

"నీకు రొండుమాట్లు ఫోన్ సేసేను వదినా. సెప్పీదామనే సేసేను. నువ్వెత్తీసరికి పిల్ల నెత్తి గుర్తొచ్చి పెట్టీసేను."

"ఆగస్టులో. సిగ్నల్ లేదనుకున్నాను."

"తిట్టు వదినా."

"ఎవర్ని?"

దుర్గాభవాని స్టూలు మీద కూలబడింది. ఏడుస్తుందేమోనని పద్మకుమారి చూసింది. ఏడవలేదు. బేరానికి ఎవరో వచ్చి, వాళ్లని చూసి, తరవాత వస్తానని వెళ్లిపోయాడు.

"ఇప్పుడీ కాటా ఎందుకు సూసినావు?" అంది చివరికి దుర్గాభవాని.

పద్మకుమారి ఆపరేషన్ సంగతి చెప్పింది. తొడల్ని గురించి ఆమె ఇంతవరకు భర్తకీ డాక్టర్లకీ తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పి, ఎందుకో చీర కొంచెం పైకి తీసి పట్టీ చూపించింది. దుర్గాభవాని వంగి చూసింది.

"ఓలమ్మ. దీంతో నాలుగు చుట్లు నడిసినావా వదినా?" పట్టీ ముడి విప్పి, వదులు చేసి, మళ్లీ కట్టింది. "నీ దగ్గిర ఎవులుంటారు? అన్నయ్యకి నిన్ను లేపడం వచ్చా? నాను వస్తాను. డయాలసిస్ గొట్టాలు రొండేళ్లు సూసినదాన్ని, ఈ గొట్టాలు నాకో లెక్కా? కాకపోతే ఏడాది అవ్వకుండా నాను ఇంకొకలింట పడుకోకూడదంటారు. దసరా ఎల్లిన పదో రోజుకి ఆడి సంవత్సరీకం. అది అయినాక పెట్టించుకో."

"చూస్తాను" అంది పద్మకుమారి.

తిరుగు బస్సులో ఆమెకి కిటికీ దగ్గర చోటు దొరికింది. టెక్కలి వచ్చింది, దాటింది. తమ్ముడి మీద కోపం వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. తేడా ఎప్పుడూ నాలుగే ఉంచాడు. ఒకసారి మూడు, ఒకసారి అయిదు వేసి ఉంటే ఎప్పుడో పట్టుకునేది. చిన్నప్పుడు వాడికి లెక్కలు తనే చెప్పింది.

గురువారం విజయనగరం వెళ్లి, కాటా సరిగానే ఉందనీ, గోడ మీద రాసిందే తప్పనీ, తన బరువు నిరుడు సెప్టెంబరు నుంచి అరవై తొమ్మిదేననీ చెప్పింది. ఎవరు రాశారని డాక్టరు అడగలేదు. దసరాకా, తరవాతా అని మాత్రం అడిగింది. ఫారం ఇంటికి తీసుకెళ్లి నింపి పంపమంది.

"మరి ఈవిడేనా?" అన్నాడు జగన్నాధం బస్‌స్టాండులో.

"ఈవిడే."

"ఎలా తేల్చావు?"

"బాగా రానిది కూడా చూపించింది."

ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని కూర్చుంది. ముందు బడి కార్డు తీసింది. ఎర్ర పెన్నుతో డెబ్బై అయిదు కొట్టేసి, దాని పక్కన మళ్లీ డెబ్బై ఒకటి వేసి, కింద పొట్టి సంతకం చేసింది. దిద్దిన ప్రతిచోటా సంతకం పెట్టడం ఆమెకి అలవాటు. తరవాత ఫారం. పేరు, వయసు, బరువు. సర్జన్ పేరు దగ్గర డాక్టరు అనూరాధ. వెంట ఉండేవారి గడి దగ్గర పెన్ను ఆగింది. జగన్నాధం లోపల్నుంచి, "నా పేరు రాసీ, దసరాకి సెలవు పెడతాను" అని కేకేశాడు. ఆమె గడిలో 'దుర్గాభవాని, మరదలు' అని రాసింది. తేదీ దగ్గర సంవత్సరీకం తరవాతి సోమవారం వేసింది. చర్మం తీశాక ఏమీ జరగనట్టు అయిపోతుందన్న భయం ఇప్పుడు లేదు. జరిగిందేమిటో గోడ మీద ఉంది, తెలిసిన మనిషి ఇంకొకతె ఉంది.

నింపిన ఫారం పంపకుండా వారం రోజులుగా ఫైలులోనే ఉంది. ఆ గడిలో దుర్గాభవాని పేరు రాసిన సంగతి పద్మకుమారి ఆమెకి ఇంకా చెప్పలేదు.